అమ్మవారి ఇంటికి అయ్యవారి పల్లకి

మొదటి ఉత్తరం
మదురై, తూర్పు చిత్తిరై వీధి, శుక్రవారం సాయంత్రం

మదురై మీనాక్షి సుందరేశ్వరాలయం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో తలుపులు మూసుకుని, మళ్ళీ నాలుగు గంటలకు తెరుచుకుంటుంది. గైడు వెంట గుడి చూడదలచినవాళ్ళకు ఈ రెండో విడతే అనువైనది. ఎండకు కాలిన బండల మీద ఉత్తికాళ్ళతో గంతులు వేయనక్కర్లేకపోవడం ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. ఈ గుడిలో రోజు ముగిసేది రాత్రి తొమ్మిది దాటాక, సుందరేశ్వరుడు పల్లకి ఎక్కి మీనాక్షి ఇంటికి వెళ్ళడంతో. ఆ పల్లకి దాకా ఆగినవాళ్ళకే గుడి పూర్తిగా చూసినట్టు లెక్క.

గుడి కంటే ముందు వీధులు చూడాలి. గుడిని నడిమధ్య పెట్టి, ఒక చదరం చుట్టూ ఇంకో చదరంగా వీధులు తీర్చారు. ప్రహరీ లోపలివి ఆడి వీధులు, బయట ఆనుకుని చిత్తిరై వీధులు, ఆ తర్వాత ఆవణి మూల వీధులు, వాటికి అవతల మాసి వీధులు. ఇవన్నీ తమిళ నెలల పేర్లు. ఏ నెల ఉత్సవం ఆ నెల పేరున్న వీధిలో ఊరేగుతుందనేది మొదటి ఏర్పాటు. అయితే చిత్తిరైలో జరిగే రథోత్సవం మాత్రం ఇప్పుడు మాసి వీధుల్లోనే సాగుతుంది. మాసి నెలలో జరుగుతూ వచ్చిన మీనాక్షి కల్యాణాన్ని మదురై రాజు తిరుమల నాయకుడు చిత్తిరైకి మార్చి, అళగర్ స్వామి వైగై నదిలో దిగే పండుగతో కలిపాడని చెబుతారు. అలా శైవుల పండుగా వైష్ణవుల పండుగా ఒక్కటై ఊరంతటి జాతర అయింది. పండుగ నెల మారింది కానీ రథం మాత్రం విశాలమైన పాత వీధులను వదల్లేదు.

ఈ నాయక రాజులు తెలుగువాళ్ళు. విజయనగరం తరఫున 1529 ప్రాంతంలో మదురై ఏలుబడి చేపట్టిన విశ్వనాథ నాయకుడితో ఈ వంశం మొదలైంది. ఈనాడు కనిపించే గుడిలో ఎక్కువ భాగం వాళ్ళ కాలం నాటిదే. వాళ్ళకు చాలా ముందే, 1311లో మాలిక్ కాఫూర్ దండు వచ్చి మదురైని కొల్లగొట్టింది. తర్వాత కొన్ని దశాబ్దాలు ఇక్కడ సుల్తానుల పాలన నడిచింది. విజయనగర రాకుమారుడు కంపరాయలు దండెత్తి వచ్చి దాన్ని అంతం చేశాడు. ఆ దండయాత్రను ఆయన భార్య గంగాదేవి 'మధురా విజయం' అనే సంస్కృత కావ్యంగా రాసింది. అన్నాళ్ళూ మూసి ఉన్న గర్భగుడి తెరిచేసరికి దీపం ఆరలేదనీ, పూలు వాడలేదనీ స్థలపురాణం. గైడ్లందరూ ఇక్కడ ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించి చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, అన్నేళ్ళు పూజ లేని గుడి కోసం ఒక ఊరు ఎంతగా అలమటించిందో ఆ కథలో తెలుస్తుంది.

గుడికి మొత్తం 14 గోపురాలు. వీధుల్లోకి చూసే నాలుగు పెద్దవి తొమ్మిదేసి అంతస్తులవి. తూర్పుది అన్నిటికంటే పాతది, 13వ శతాబ్దపు పాండ్యుల కాలం నాటిది. 16వ శతాబ్దంలో కట్టిన దక్షిణ గోపురం అన్నిటికంటే ఎత్తు, 160 అడుగుల పైమాటే. ఉత్తర గోపురం పై అంతస్తులు లేకుండా వందల ఏళ్ళు అలాగే నిలిచిపోయింది. 19వ శతాబ్దంలో పూర్తయినా, దాని పాత పేరు మాత్రం పోలేదు. ఊళ్ళో ఇప్పటికీ 'మొట్టై గోపురం' (బోడి గోపురం) అంటే ఎవరైనా దారి చూపిస్తారు. గోపురాల మీది దేవతలూ యాళులూ ద్వారపాలకులూ రాతివి కావు, ఇటుక మీద సున్నపు గచ్చుతో దిద్దినవి. కుంభాభిషేకం చేసినప్పుడల్లా మరమ్మతు చేసి కొత్త రంగులు వేస్తారు. అలా 2009లో వేశారు. ఆ రంగులు గాఢంగా ఉన్నాయని పెదవి విరిచేవాళ్ళు ఒకసారి సాయంత్రం ఆరు గంటలకు పడమర వెలుగులో చూడాలి. నీలాలూ పచ్చలూ ఒకదానిలోకి ఒకటి కరిగి, గోపురం మెత్తబడిపోతుంది.

తూర్పు గోపురానికి ఎదురుగా వీధి దాటితే పుదు మండపం. తిరుమల నాయకుడు (1623–1659) వసంతోత్సవం కోసం కట్టించాడు. నడిమి స్తంభాలకు ఆనించి పదిమంది నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉన్నాయి. తిరుమల నాయకుడిది బొజ్జ కాస్త ముందుకు వచ్చిన నిండు విగ్రహం. రాజులు దేవుడి దారిలో దాసుల్లా నిలబడ్డారు. తెలుగు యాత్రికులు చాలామంది గుడి తొందరలో ఈ మండపాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. తమ భాష మాట్లాడిన రాజుల ముఖాలు చూసే చోటు ఇది. వదులుకోకూడదు.

రెండో ఉత్తరం
గుడి లోపల, అదే సాయంత్రం

చెప్పులతో పాటు సెల్ ఫోను కూడా బయట కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో తూర్పు వైపు వీర వసంతరాయ మండపంలో మంటలు లేచి, అక్కడి దుకాణాలు కాలిపోయి, రాతి కప్పు కొంత కూలింది. ఆ తర్వాత హైకోర్టు ఆదేశంతో లోపలికి ఫోన్లు ఆపేశారు. ఫోన్లు ఆపడం గుడికి జరిగిన మేలే. ఫొటోల కోసం ఆగేవాళ్ళు లేకపోవడంతో జనం తలెత్తి కప్పులూ స్తంభాలూ చూస్తున్నారు.

లోపలికి అష్టశక్తి మండపం మీదుగా వెళ్ళడం ఆనవాయితీ. తిరుమల నాయకుడి రాణులు కట్టించిన ఈ మండపం స్తంభాల మీద ఎనిమిది శక్తులు ఉన్నాయి. శివాలయంలోకి అమ్మవారి వాకిలి నుంచి వెళ్ళడమే మదురై పద్ధతి, దర్శనం కూడా మీనాక్షికే ముందు. కారణం కథలో ఉంది. మలయధ్వజ పాండ్యుడి యజ్ఞకుండంలో పుట్టిన బిడ్డను కొడుకులాగే పెంచి పట్టం కట్టారు. ఆమె దిక్కులన్నీ గెలిచి కైలాసం దాకా వెళ్ళి, అక్కడ శివుణ్ణి చూసి ఆయనే తన భర్త అని గుర్తుపట్టింది. కాబట్టి ఆమె ఈ ఊరికి కోడలు కాదు, ఆడబిడ్డ, రాణి. అయ్యవారు వచ్చింది ఇల్లరికం. చిత్తిరైలో ఆమెకు పట్టాభిషేకం చేసి రాజదండం ఇస్తారు, ఆవణిలో అది సుందరేశ్వరుడి వంతు. తమిళుల ఇళ్ళలో పెత్తనం ఎవరిదో తెలుసుకోవడానికి 'మీ ఇంట్లో చిదంబరమా, మదురైయా?' అని అడుగుతారు. మదురై అన్నారంటే ఆవిడ మాటే చెల్లుతుందని.

తర్వాతిది మీనాక్షి నాయకర్ మండపం. దాని చివర 1008 ప్రమిదలున్న ఇత్తడి తిరువాచి ఉంది. ప్రభ ఆకారంలో మనిషి కంటే ఎంతో ఎత్తుగా ఉండే ఈ దీపాల వరస వెలిగించినప్పుడు, వెనకున్న చీకటి ఇంకా చిక్కబడుతుంది. నూనె వాసనా, తడి రాతి వాసనా, మల్లెల వాసనా కలిసి ఉంటాయి. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు మందం, రంగు వెన్న తెలుపు, కట్టిన మాల సాయంత్రం దాకా వాడదు. అమ్మే ఆమె మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా మాలను చాచి, ఒక మూర అని తెంపుతుంది. తమిళంలో ముళం, తెలుగులో మూర. బేరం ఏ భాషలో సాగినా కొలత మాత్రం చెయ్యే.

చీకటి మండపం దాటితే ఒక్కసారిగా ఆకాశం కనిపిస్తుంది. అదే పొట్రామరై, బంగారు తామర కోనేరు. పొడవు 165 అడుగులు, వెడల్పు 120. నీళ్ళ మధ్య బంగారు పూత పూసిన తామర ఉంటుంది. పూర్వం తమిళ సంఘం కవుల రచనలను ఈ కోనేట్లో వేస్తే మంచివి తేలేవనీ, తక్కినవి మునిగిపోయేవనీ ఐతిహ్యం. ఒక ఊరు సాహిత్యాన్ని గుడిలో, దేవుడి ఎదుట పరీక్షకు పెట్టిందన్న ఊహే గొప్పది. ఈ మెట్ల మీద దక్షిణం వైపుకు తిరిగి కూర్చోవాలని గైడ్లు చెబుతారు. చెప్పేది నిజమే. దక్షిణ గోపురం నిండుగా కనిపించేది ఇక్కడి నుంచే.

శుక్రవారం సాయంత్రం కోనేటి పక్కన ఊంజల్ మండపంలో ఉయ్యాల సేవ జరుగుతుంది. మీనాక్షి సుందరేశ్వరుల బంగారు మూర్తులను ఉయ్యాలలో కూర్చోబెట్టి పాటలు పాడుతూ ఊపుతారు. ఈ మండపం కప్పు మీది వర్ణచిత్రంలో మీనాక్షి కల్యాణం, ఆ పెళ్ళికి వచ్చినట్టుగా రాణి మంగమ్మ, ఆమె మనవడు విజయరంగ చొక్కనాథుడు కనిపిస్తారు. మంగమ్మ పసివాడైన మనవడి తరఫున 1689 నుంచి 18వ శతాబ్దపు తొలి ఏళ్ళ దాకా రాజ్యం నడిపింది. ఆ మనవడి కొలువులోనే సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమిని భారతం' వచనంలో రాశాడు. తెలుగు వచనం కుదురుకున్న చోట్లలో ఒకటి గోదావరి ఒడ్డునో కృష్ణా ఒడ్డునో కాక ఇక్కడ, వైగై ఒడ్డున ఉంది. తంజావూరు నుంచి వచ్చిన శ్యామశాస్త్రి కూడా ఈ అమ్మవారి మీద 'నవరత్నమాలిక' అనే తొమ్మిది కృతుల్లో తెలుగులో పాడాడు.

పక్కనే కిళికూట్టు మండపం, చిలకల పందిరి. ఒకప్పుడు ఇక్కడ పంజరాల్లో చిలకలను పెంచి, 'మీనాక్షీ' అని పలకడం నేర్పేవారు. చిలకలు ఇప్పుడు లేవు. గర్భగుడిలో మాత్రం అమ్మవారి కుడిచేతి మీద చిలక ఉంది. పచ్చని ఛాయగల రాతి విగ్రహం. దూరం నుంచి ముక్కుపుడక మెరుపే ముందు కనబడుతుంది, ఆ తర్వాతే ముఖం.

ఈ గడప దాటడానికి అందరికీ హక్కు రావడానికి 1939 దాకా పట్టింది. ఆ ఏడాది జులై 8న ఎ. వైద్యనాథ అయ్యర్, పి. కక్కన్ తదితర దళితులనూ, ఒక నాడార్‌నూ వెంటబెట్టుకుని గుడిలోకి నడిచారు. కొందరు అర్చకులు గుడి అపవిత్రమైందని పట్టుబట్టారు. రాజాజీ ప్రభుత్వం చట్టంతో అండగా నిలిచింది. అందరికీ ప్రవేశం లేదన్న కారణంతో గుడిలోకి రాని గాంధీ, 1946లో వచ్చి దర్శనం చేసుకున్నారు. గైడ్లు చెప్పే కథల్లో ఇది చాలాసార్లు వినిపించదు. యజ్ఞకుండంలో పుట్టిన రాణి కథ చెప్పినంత ఇష్టంగా దీన్నీ చెప్పాలి. గుడి చరిత్రలో ఇంతటి కుంభాభిషేకం మరొకటి లేదు.

స్వామి వైపు వెళ్ళే దారిలో ముక్కురుణి వినాయకుడు కూర్చుని ఉంటాడు. తిరుమల నాయకుడు వండియూరు తెప్పకుళం అనే చెరువు తవ్విస్తుంటే దొరికిన ఏకశిలా మూర్తి అంటారు. వినాయక చవితినాడు 18 పడుల బియ్యంతో ఒకటే ఒక పెద్ద కుడుము చేసి నైవేద్యం పెడతారు.

సుందరేశ్వరుడి ఎదుట కంబత్తడి మండపంలో ధ్వజస్తంభం, నంది. చుట్టూ స్తంభాల మీద శిల్పుల పనితనం పతాక స్థాయిలో ఉంది. వాటిలో పెళ్ళి శిల్పం ముందు ఎక్కువసేపు నిలబడాలి. విష్ణువు చెల్లెలి చేతిని శివుడి చేతిలో పెడుతున్నాడు. మధ్యనున్న మీనాక్షి తల కొద్దిగా వంచింది. దిక్కులు గెలిచిన రాణి సిగ్గుపడుతున్న క్షణాన్ని నల్లరాతిలో, మెడ వంపు ఒక్కదానితో పట్టుకున్నాడు ఆ పేరు తెలియని శిల్పి. లోపల వెండి అంబలంలో నటరాజు అన్ని చోట్లలా ఎడమకాలు కాక కుడికాలు ఎత్తి ఉంటాడు. ఒకే కాలి మీద నిలిచిన స్వామికి నొప్పి పుడుతుందని పాండ్యరాజు దిగులుపడి వేడుకుంటే కాలు మార్చాడట.

వేయి స్తంభాల మండపాన్ని 16వ శతాబ్దంలో అరియనాథ ముదలియార్ కట్టించాడు. ఇప్పుడది ప్రదర్శనశాల. లెక్కపెడితే స్తంభాలు 985. ఎటు నుంచి చూసినా వరస తప్పదు.

మూడో ఉత్తరం
రాత్రి తొమ్మిది దాటాక

రాత్రి పూజ ముగిసేసరికి టూరిస్టు గుంపులు పలచబడతాయి. మిగిలేది ఎక్కువగా ఊరివాళ్ళే. దుకాణం కట్టేసి వచ్చిన వ్యాపారులు, మనవరాలిని చంకనేసుకున్న ముసలమ్మలు, కొత్తగా పెళ్ళయిన జంటలు. స్వామి సన్నిధి వాకిట్లో వెండి పల్లకి సిద్ధంగా ఉంటుంది. అందులో వెళ్ళేది పెద్ద ఉత్సవ విగ్రహం కాదు, స్వామి పాదాలు. ఇల్లాలి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంత ఆర్భాటం చాలన్నట్టు ఉంటుంది.

నాదస్వరం మొదలవుతుంది, తవిల్ అందుకుంటుంది. అర్చకులు పల్లకి భుజాన ఎత్తుకుంటారు. ముందు దివిటీలు, పక్కన వింజామరలు, సాంబ్రాణి పొగ. పల్లకికి తెర వేసి ఉంటుంది, కాబట్టి చూడడానికంటూ పెద్దగా ఏమీ ఉండదు. అయినా జనం దారికి రెండు వైపులా ఒదిగి, చేతులు జోడించి నిలబడతారు. పల్లకి పరుగులాంటి నడకతో, స్తంభాల నీడలు గోడల మీద ఊగుతుండగా, స్వామి సన్నిధి నుంచి అమ్మవారి సన్నిధికి వెళుతుంది. దూరం కొద్దిదే. ఆ కొద్ది దూరంలోనే ఈ గుడి వాస్తు ఎందుకిలా ఉందో అర్థమవుతుంది. రెండు గుళ్ళు, రెండు ధ్వజస్తంభాలు, రెండు వాకిళ్ళు. భర్తకు ఎడమవైపు కాక కుడివైపున అమ్మవారి గుడి. పగలంతా ఎవరి కొలువు వారిది. రాత్రి ఆయనే కదిలి వస్తాడు.

అమ్మవారి గడప దగ్గర పల్లకి ఆగగానే హారతి ఇస్తారు. పాదాలను పల్లియరైలోకి, అంటే పవళింపు గదిలోకి చేరుస్తారు. తెలుగు గుళ్ళల్లో పవళింపు సేవ తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పాలు నైవేద్యం పెడతారు, గుడి గాయకుడు ఓదువార్ పాట అందుకుంటాడు. మేళం ఆగుతుంది. అంతసేపూ ఉన్న రొద పోయి ఆ ఒక్క గొంతు మాత్రమే వినబడుతుంది. చంకలోని పసిపాప అప్పటికే నిద్రలో ఉంది. పాట కాగానే తలుపులు వేస్తారు. కాచిన పాలు ప్రసాదంగా అరచేతుల్లో పోస్తారు, గోరువెచ్చగా, తీపి తక్కువగా.

జనం ఆడి వీధి మీదుగా బయటికి నడుస్తారు. పగటి వేడి బండల్లో ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. వెనక ఒక్కొక్క మండపంలో దీపాలు ఆర్పుతూ వస్తారు. తెల్లవారుజామున అయిదింటికి తిరువనందల్ పూజతో పవళింపు గది తలుపులు తెరుస్తారు, స్వామి పాదాలు అదే పల్లకిలో తిరిగి తన గుడికి వెళతాయి.