కాలువ చివర మడ అడవి

మిర్యాలగూడ దగ్గర మాకు రెండెకరాల మాగాణి వున్నది. సాగర్ ఎడమకాలువ కింద పొలం. సూర్యాపేటలో నా చదువు ఆ వడ్ల మీదనే సాగింది. ఇప్పుడు కోదాడలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన సంగతి మా తాత పండుగ కథలా చెప్పేవాడు. ఆ కథలో కృష్ణ మా పొలంతోనే అయిపోయేది. దాని తర్వాత సముద్రం వున్నదని, అక్కడా మనుషులున్నారని మాకు తోచలేదు.

పోయిన వేసవిలో నాగాయలంక వెళ్ళి, పడవమీద మడ అడవి చూశాను. మడచెట్టుకు ఉప్పునీరే చాలుననుకునేవాణ్ణి. తప్పు. నదినీరు కలవక ఉప్పు మితిమీరితే మడ కూడ ఎదగదు. చెట్లు నరికినచోట నేల పళ్ళెంలా కుంగుతుంది. పోటునీరు అందులో నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకుంటుంది. ఇక అక్కడ విత్తనం బ్రతకదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల సంఘాలు కలిసి దీనికొక ఉపాయం అమలు జరిపినవి. నడుమ పెద్దకాలువ, దానికి ఇరువైపులా చేపముల్లు వలె పిల్లకాలువలు. పోటుకు నీరెక్కుతుంది, ఆటుకు ఉప్పును కడుక్కుపోతుంది. ఆ గట్లమీద మొక్కలు నాటారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న దివిసీమకు మడ విలువ ఎవరూ బోధించనక్కరలేదు.

అయితే ‘భాగస్వామ్యం’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేల అటవీశాఖది, 1989 నుంచి అభయారణ్యం. పథకం సంస్థది. పీతలూ చేపలూ పట్టి బ్రతికే యానాదికి మిగిలింది పార. 2022లో కాలిఫోర్నియా తీరాన సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్ 523 ఎకరాల అడవిని సింక్యోన్ తెగల మండలికి పత్రం రాసి యిచ్చింది. రక్షణ షరతులు తనవద్ద ఉంచుకున్నదనుకోండి. అయినా పత్రం పత్రమే. మనకు మాత్రం చట్టం లేదా? 2006 అటవీహక్కుల చట్టం చేపల మీద, నీటివనరుల ఇతర ఉత్పత్తుల మీద కూడ సముదాయ హక్కును ఒప్పుకున్నది. ఆ కాగితం యానాది చేతికి అందాలి గదా!

పడవలో ఒక యానాది పెద్దాయన నా వూరడిగాడు. చెప్పాను.

“మా దాకా రావాల్సిన నీళ్ళు మీకాడే ఆగిపోతన్నాయి గదా, పంతులుగారూ!” అని నవ్వాడు.

పైన ఆలమట్టి వున్నదనీ, కింద ప్రకాశం బారేజి వున్నదనీ చెప్పబోయి మానుకున్నాను.

వానాకాలం వచ్చింది. నాన్న మళ్ళీ వరే వేస్తానన్నాడు. నేను అడ్డు చెప్పలేదు.