బ్రైట్‌నెస్ వందలోనే ఉంది

"స్క్రీన్ మసగ్గా ఉంటోందిరా" అని నాన్న మొదటిసారి ఫోన్లో అన్నప్పుడు నేను ఆఫీసు మీటింగ్‌కి పరిగెడుతున్నా. "బ్రైట్‌నెస్ పెంచు నాన్నా" అని పెట్టేశా. తర్వాత ఇంకో రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ నాది అదే జవాబు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. సమస్య తీరిపోయిందనుకున్నా. మా ఆఫీసులో కస్టమర్ నుంచి మళ్లీ ఫిర్యాదు రాకపోతే టికెట్ మూసేస్తాం కదా, అలాగే ఇదీ మూసేశా.

మాది తెనాలి. ఇంటి ముందు గదిలోనే నాన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, బారసాల కార్డులు, ట్యూషన్ వాళ్ల ప్రశ్నపత్రాలు, గుడి కరపత్రాలు. ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కంపోజింగ్. నా బీటెక్ ఫీజులు ఆ గదిలోంచే వచ్చాయి. అక్కడున్న పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్ 2010లో కొన్నది. అప్పటిదాకా ఉన్న డబ్బా మానిటర్ పోయి పల్చటిది వచ్చిందని నేను ఫ్రెండ్స్‌ని పిలిచి మరీ చూపించుకున్నా.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లా. అమ్మ అరిసెలు వత్తుతూ, ముందు గదిలోకి వినపడకుండా చెప్పింది. "మీ నాన్నగారు ఉగాదికి షాపు తీసేస్తారటరా. కళ్లు ఆనడం లేదట. నీకు చెప్పొద్దన్నారు."

విషయం మెల్లగా బయటికొచ్చింది. కార్తీకంలో ఒక పెళ్లికార్డు చేశాడట. పెళ్లికూతురి పేరు 'మాధవి'. కార్డు మీద 'మాదవి' అని పడింది. ద కింద ఆ చిన్న గీత లేదు, అంతే తేడా. ప్రూఫ్ పెళ్లివారూ చూశారు, హడావుడిలో వాళ్లకీ ఆనలేదు. మూడొందల కార్డులు ప్రింటయ్యాక పిల్ల తాతగారు పట్టుకున్నారు. నాన్న ఒక్క మాట కూడా వాదించకుండా తన డబ్బుతో మళ్లీ వేయించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి పెళ్లికార్డులు ఒప్పుకోవడం మానేశాడు. "అరవై దాటాయి, ఇంక చాల్లే" అంటున్నాడట. కంటి డాక్టరు దగ్గరికి వెళదామంటే, శుక్లాలు అంటారనో ఇంకేమంటారనో భయపడి వాయిదా వేస్తున్నాడట.

భోగి రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చుని మానిటర్ ఆన్ చేశా. వెలిగింది, రెండు సెకన్లలో నల్లబడింది. "ఆపి మళ్లీ వెయ్యి. పొద్దున పూట అంతే, మూడు నాలుగుసార్లు వేస్తే వేడెక్కి నిలబడుద్ది" అన్నాడు నాన్న గుమ్మంలోంచి, అదేదో మామూలు సంగతి అయినట్టు. మూడోసారికి నిలబడింది. తెలుపు రంగు ఉండాల్సిన చోట ఎర్రమట్టి కలిసిన నీళ్లలాంటి రంగు. నాకే ద, ధ తేడా తెలియడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. నా వయసు ఇరవై ఎనిమిది.

మానిటర్ బటన్లు నొక్కి మెనూ తెరిచా. బ్రైట్‌నెస్ 100లో ఉంది. "రెండేళ్లయింది దాన్ని వందలో పెట్టి" అన్నాడు. ఫోన్లో నేను మూడుసార్లు చెప్పిన సలహా గుర్తొచ్చి మొహం తిప్పుకున్నా.

అక్కడి నుంచి, ఆఫీసులో చేసినట్టే, ఒకసారికి ఒక్కటే మారుస్తూ వెళ్లా. రెండు మూడు కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ముందు మెనూలో ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటివేమైనా ఆన్‌లో ఉన్నాయేమో చూశా. లేవు. కేబుల్ తీసి, పిన్నులు చూసి, బిగించా. కేబుల్ పాడైతే రంగు మారుతుంది, నీడలు పడతాయి కానీ స్క్రీన్ మొత్తం ఇలా నీరసించదు. "కరెంటు వోల్టేజీ తక్కువేమో" అన్నాడు నాన్న. పాత బల్బుకైతే ఆ మాట నిజం. మానిటర్ లోపలి పవర్ సప్లై వంద వోల్టుల నుంచి రెండొందల నలభై దాకా ఏది ఇచ్చినా సర్దుకుంటుంది.

తర్వాత నా లాప్‌టాప్‌ని ఆ మానిటర్‌కి తగిలించా. అదే మసక. అంటే కంప్యూటర్ తప్పు కాదు. చివరికి సీపీయూని హాల్లోకి మోసుకెళ్లి టీవీకి కలిపా. మా టీవీకి వెనక పీసీ పోర్టు ఉంది.

తెర మీద పేజ్‌మేకర్ వచ్చింది. నాన్న చేస్తున్న కరపత్రం, సుబ్రహ్మణ్యస్వామి కల్యాణానిది. ఆయన సోఫా వెనక నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి "నాలుగో లైన్లో 'అర్ధరాత్రి' చూడు, 'అర్దరాత్రి' అని కొట్టా" అన్నాడు. తర్వాత ఇంకోటి పట్టుకున్నాడు. ఆరడుగుల దూరంలోంచి. అమ్మ వంటగదిలోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"అయితే నా కళ్లు కాదంట్రా?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయా.

మళ్లీ ముందు గదికి వచ్చి, మానిటర్ నల్లబడినప్పుడు ఫోన్ టార్చి దాని మీద వాలుగా వేసి చూపించా. ఆ నలుపులోనే అక్షరాలు లీలగా కనిపించాయి. "బొమ్మ పోలేదు నాన్నా, వెనక దీపం పోతోంది" అన్నా. ఎల్‌సీడీ తెరకి సొంత వెలుగు ఉండదు. అది కిటికీ అద్దం మీద బొమ్మ లాంటిది, వెనక నుంచి వెలుగు పడితేనే కనిపిస్తుంది. ఆ కాలం మానిటర్లలో వెనకుండేది పెన్సిల్ కంటే సన్నటి ట్యూబులైట్లు. వాడేకొద్దీ వాటి వెలుగు తగ్గుతుంది, రంగు ఎర్రబారుతుంది. రోజుకి తొమ్మిది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు, పదిహేనేళ్లు. లెక్కేస్తే నలభై వేల గంటలు దాటింది. ట్యూబులైటు అంతసేపు వెలిగాక నీరసించడంలో వింత లేదు.

మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? వెలుగు ఒక్కరోజులో తగ్గలేదు కాబట్టి. రోజుకి కాస్త కాస్త తగ్గింది, కళ్లు రోజూ సర్దుకున్నాయి. వయసుతో చూపు తగ్గడమూ అలాగే జరుగుతుంది. పక్కన ఇంకో తెర పెట్టి పోల్చి చూస్తే తప్ప రెండిట్లో ఏది తగ్గిందో చెప్పలేం. పోల్చడానికి నాన్న దగ్గర రెండో తెర లేదు. అందుకని నేరం తన మీద వేసుకున్నాడు.

నాకు స్క్రూడ్రైవర్ తిప్పడం వచ్చు, అయినా మూత విప్పలేదు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల పైన కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. కనుమ వెళ్లాక టీవీలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లాం. విప్పి రెండు కెపాసిటర్లు చూపించాడు. పైభాగం చదునుగా ఉండాల్సింది, పొంగిన అప్పంలా ఉబ్బింది. రెండూ మార్చి మూడొందల యాభై తీసుకున్నాడు. నల్లబడటం ఆగింది. మసక మాత్రం అలాగే ఉంది. "ట్యూబుల కొసలు మాడిపోయాయండీ. ఎల్‌ఈడీ పట్టీ వేస్తా, వెలుగొస్తుంది. కానీ రోజంతా అక్షరాలు చూసే పని కదా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. తన బేరం తనే వదులుకున్న ఆ మనిషి మాట నాన్నకి నచ్చింది. ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, చెత్తలో పడేయకూడదని అతనే చెప్పి, పాతదాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పటి మానిటర్లలో ట్యూబులుండవు, ఎల్‌ఈడీలే. వాటికీ ఇదే వరస పనికొస్తుంది. ముందు మెనూ, తర్వాత కేబుల్, తర్వాత ఇంకో కంప్యూటర్, ఇంకో తెర. చివరికి టార్చి. తెరలో ఒక పక్కే చీకటి పడితే లోపల ఎల్‌ఈడీల వరస ఒకటి పోయి ఉండొచ్చు. ఇవన్నీ నాకు ముందు నుంచీ తెలిసినవే. చెప్పేవాళ్ల మాట పూర్తిగా వినడం ఒక్కటే చేయలేదు. ఆఫీసులో ముక్కూమొహం తెలియని యూజర్‌ని "ఎప్పటి నుంచి? పొద్దునా, సాయంత్రమా? ఏం చేస్తుంటే వస్తోంది?" అని పది ప్రశ్నలు అడుగుతా. నాన్నని ఒక్కటి అడిగినా, ఆ రెండు సెకన్ల సంగతి అప్పుడే చెప్పేవాడు.

కంటి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లా. తెర బాగుంది కదా అని కళ్లని వదిలేస్తే అదీ ఒక తప్పే. మందు వేసి, పరీక్ష చేసి, కళ్లజోడు నంబరు కొంచెం మారిందన్నారు, అంతే. బయటికొచ్చాక నాన్న సెంటర్లో ఆగి, అడక్కుండానే రెండు టీలు చెప్పాడు.

ఉగాది వెళ్లిపోయింది. షాపు ఉంది. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. ఈసారి మీటింగ్ లేదు, ఉన్నా ఎత్తేవాణ్నే.

"బ్రైట్‌నెస్ నలభైలో పెట్టుకున్నారా" అన్నాడు. "వందలో పెడితే కళ్లు చెదురుతున్నాయి."