టెస్ట్ సిస్టమే కదా, కానీయ్!

మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకి ఒక గర్వం ఉంటుంది. విండోస్ వాళ్లు వైరస్ అని, యూనిక్స్ వాళ్లు ప్యాచ్ అని పరుగులు పెడుతుంటే మనం కాఫీ తాగుతూ నవ్వుకునే రకం గర్వం. "మాదాన్ని ఎవడూ హ్యాక్ చెయ్యలేడు బాబూ" అని. ఇరవయ్యేళ్లు ఈ మాట నేనూ అన్నాను. ఎందుకు చెయ్యలేడో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

అందరిలాగే నేనూ వైటూకే రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం మెట్లెక్కి దిగినవాణ్ణే. కోబాల్, జేసీఎల్, డీబీటూ, సీఐసీఎస్. నాలుగు నెలల కోర్సు. అందులో సెక్యూరిటీ గురించి చెప్పింది ఒకే ఒక్క వాక్యం: "ర్యాక్ఫ్ అని ఒకటుంటుంది, అది అడ్మిన్లు చూసుకుంటారు." ఆ వాక్యం మీదే నా కెరీర్ మొత్తం నడిచింది. డేటాసెట్ తెరుచుకోకపోతే అడ్మిన్‌కి టికెట్ పెట్టడం, తెరుచుకున్నాక మర్చిపోవడం. అంతే.

ఇక అసలు సంగతి. ఇది 2019లో జరిగింది. అప్పుడు నేను అమెరికాలోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పనిని హైదరాబాద్ నుంచి చూస్తున్నాను. క్లయింటు పేరు, మా కంపెనీ పేరు అడక్కండి. మా టీములో అప్పటికి మూడేళ్ల అనుభవం ఉన్న ఓ కుర్రాడుండేవాడు, వరంగల్ వాడు. జావాలో పని దొరక్క మెయిన్‌ఫ్రేమ్‌లో పడ్డాడు గానీ మనసంతా నెట్‌వర్క్, సెక్యూరిటీ మీదే. ఓ రోజు లంచ్ తర్వాత లాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

"అన్నా, మన మెయిన్‌ఫ్రేమ్‌ని ఎన్‌మ్యాప్‌తో చూస్తే ఏమైతదో తెల్సా?"

"ఏమవుతుంది, పోర్ట్ ఇరవైమూడు ఓపెన్ అని వస్తుంది."

"అది పాత ముచ్చట అన్నా. ఇప్పుడు స్క్రిప్టులున్నయ్."

తెలియని వాళ్ల కోసం: ఎన్‌మ్యాప్ 1997 నుంచీ ఉన్న స్కానర్. ఏ మెషీన్లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చెబుతుంది. తర్వాత దానికి లువా భాషలో స్క్రిప్టులు రాసుకునే సదుపాయం వచ్చింది. చాలాకాలం దానికి మెయిన్‌ఫ్రేమ్ అంటే ఒక తెరిచిన పోర్టు, అంతే. ఎందుకంటే మన గ్రీన్ స్క్రీన్ మాట్లాడేది మామూలు టెల్నెట్ కాదు, 3270. అక్షరాలు కూడా ఆస్కీ కాదు, ఎబ్సిడిక్. మన "ఏ" అక్షరం అక్కడ హెక్స్ 41 అయితే ఇక్కడ సీ1. మామూలు స్కానర్‌కి అదంతా చెత్తలా కనిపించేది. మన "ఎవడూ హ్యాక్ చెయ్యలేడు" అనే ధీమాలో సగం, నిజానికి, "ఎవడికీ మన భాష రాదు" అన్న ధీమానే. భాష రాకపోవడం తాళం కాదు కదా. 'సోల్జర్ ఆఫ్ ఫోర్ట్రాన్' అన్న పేరుతో తిరిగే ఫిలిప్ యంగ్ అనే పరిశోధకుడు కూర్చుని ఆ భాష ఎన్‌మ్యాప్‌కి నేర్పాడు. 3270 టెర్మినల్‌లా నటించే ఒక లైబ్రరీ, దాని మీద కొన్ని స్క్రిప్టులు. ఒకటి లాగాన్ స్క్రీన్ తెచ్చి చూపిస్తుంది. ఒకటి వీటామ్‌లో ఏ అప్లికేషన్లున్నాయో ఊహిస్తుంది. ఒకటి సీఐసీఎస్‌లో ఏ ట్రాన్సాక్షన్లు తెరుచుకుంటాయో చూస్తుంది. ఇంకోటి టీఎస్ఓ యూజర్ ఐడీలు కనిపెడుతుంది.

ఈ చివరిది చూసి నాకు నిజంగా సిగ్గేసింది. ఎలా కనిపెడుతుందో చూడండి. టీఎస్ఓలో లేని ఐడీతో లాగాన్ అయితే "ఈ ఐడీకి టీఎస్ఓ వాడే అధికారం లేదు" అంటుంది. ఉన్న ఐడీ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే, వాచ్‌మన్ దగ్గరికెళ్లి "సుబ్బారావు గారున్నారా?" అంటే "ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరు" అంటాడు. "రామారావు గారున్నారా?" అంటే "ఉన్నారు, తాళంచెవి ఉందా?" అంటాడు. ఇలా వెయ్యి పేర్లు అడిగితే అపార్ట్‌మెంట్‌లో ఎవరెవరున్నారో లిస్టు చేతికొచ్చేసినట్టే. ఇరవయ్యేళ్లపాటు రోజూ ఆ స్క్రీన్ చూశాను. తప్పు ఐడీ కొట్టి ఆ మెసేజ్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అది ఒక సమాచారం అని ఏనాడూ తట్టలేదు.

ఇలాంటివి నిజంగా ఎక్కడైనా జరిగాయా అంటే, జరిగాయి. 2012లో స్వీడన్‌లో లాజికా అనే ఐటీ సర్వీసెస్ కంపెనీ నడిపే మెయిన్‌ఫ్రేమ్‌లోకి బయటివాళ్లు చొరబడ్డారు. ర్యాక్ఫ్ డేటాబేస్‌నే కాపీ చేసుకుని పాస్‌వర్డులు విరగ్గొట్టారు. ఆ కేసులో పైరేట్ బే వ్యవస్థాపకుల్లో ఒకడైన గాట్‌ఫ్రిడ్ స్వార్ట్‌హోమ్ వార్గ్‌కి 2013లో శిక్ష పడింది. కుర్రాడు ఈ కథ చెబుతున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఏమిటంటే, వాళ్లు చొరబడింది మనలాంటి సర్వీసెస్ కంపెనీ చూసుకుంటున్న మెషీన్‌లోకి అని.

సరే, క్లయింటు వైపు సెక్యూరిటీ మేనేజర్‌కి మెయిల్ పెట్టాం. పర్మిషన్ లేకుండా ఇలాంటివి చేస్తే మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల జైలు దాకా పోవచ్చు, అమెరికా చట్టం సంగతి సరేసరి. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. టెస్ట్ ఎల్‌పార్ మీద చేసుకోండి అంది. మెయిల్లో "డిస్కవరీ" అన్న మాట వాడింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులో కూర్చున్నాం. అమెరికాలో శుక్రవారం రాత్రి, టెస్ట్ సిస్టమ్‌లో ఎవరూ ఉండరని. మా ఐడీలు ఏ పద్ధతిలో పెడతారో నాకు తెలుసు గనక ఓ నాలుగొందల పేర్లు తయారుచేసి ఇచ్చాను. పది నిమిషాల్లో అరవై ఒక్కటి నిజమైనవని తేలింది. అందులో నాదీ ఉంది. మూడేళ్ల క్రితం రిటైరైన ఒకాయనదీ ఉంది! సీఐసీఎస్ టెస్ట్ రీజియన్‌లో అయితే సైనాన్ అవకుండానే సీఈఎంటీ తెరుచుకుంది. తెలిసినవాళ్లకి ఇప్పటికే గుండె ఝల్లుమని ఉంటుంది. దాంతో రీజియన్‌నే ఆపేయొచ్చు.

అప్పుడు కుర్రాడు అడిగాడు. "అన్నా, పాస్‌వర్డులు ట్రై చేసే స్క్రిప్ట్ కూడా ఉంది. కొడదామా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మంచి ఊపు మీదున్నాం. "టెస్ట్ సిస్టమే కదా, కానీయ్" అన్నాను.

ఆ స్క్రిప్ట్ మీద ఎన్‌మ్యాప్ వాళ్లే "ఇంట్రూసివ్" అని ముద్ర వేసి పెట్టారు. స్క్రీన్ తెచ్చి చూపించేదాని మీద "సేఫ్" అని ఉంటుంది. చదివే ఓపిక ఉంటే తేడా అక్కడే ఉంది. ఇద్దరం చదవలేదు.

మా దగ్గర మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ర్యాక్ఫ్ ఆ ఐడీని రివోక్ చేస్తుంది. అరవై ఒక్క ఐడీలూ అలా వరసగా రివోక్ అయిపోయాయి. నాది కూడా :) టెస్టే కదా, సోమవారం అడ్మిన్‌తో రెజ్యూమ్ చేయిద్దాం అనుకుని ఇడ్లీ తినడానికి కిందికి దిగాం.

టెస్ట్ ఎల్‌పార్, ప్రొడక్షన్ ఎల్‌పార్ రెండూ ఒకే ర్యాక్ఫ్ డేటాబేస్ పంచుకుంటాయన్న సంగతి నాకు తెలియదు. ఇరవయ్యేళ్ల అనుభవం నాది. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ కొట్టి రోజూ లాగిన్ అయ్యేవాణ్ణి. అయినా తట్టలేదు.

తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ రాత్రి పదకొండింటికి, ప్రొడక్షన్ బ్యాచ్ మొదలైంది. మొదటి జాబే పడిపోయింది. రివోక్ అయిన యూజర్ అని ఐసీహెచ్408ఐ మెసేజ్. మేం రివోక్ చేసిన అరవై ఒక్కటిలో నెలాఖరు కమిషన్ జాబులు నడిచే బ్యాచ్ ఐడీ కూడా ఉంది. ఆన్‌కాల్ అడ్మిన్‌ని నిద్రలేపి రెజ్యూమ్ చేయించి, జాబులు మళ్లీ నడిపించేసరికి నాలుగు గంటలు పోయాయి. ఏజెంట్ల స్టేట్‌మెంట్లు ఒకరోజు ఆలస్యమయ్యాయి. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ మన లోకంలో అంతకంటే చిన్నవాటికే తలలు ఎగిరిపోతాయని మీకు తెలుసు.

సోమవారం సాయంత్రం కాల్. క్లయింటు వాళ్లు నలుగురు, మావాళ్లు ఆరుగురు. "పర్మిషన్ డిస్కవరీకి ఇచ్చాం, పాస్‌వర్డులు కొట్టమని ఎవరన్నారు?" అని ఆవిడ అడిగింది. మా మేనేజర్ వెంటనే అందుకున్నాడు, "ఒక జూనియర్ రిసోర్స్ అవగాహన లేకుండా ఒక స్క్రిప్ట్ నడిపాడు, తగిన చర్య తీసుకుంటున్నాం" అని. కుర్రాడు నా పక్క క్యూబికల్‌లోనే ఉన్నాడు. అదే కాల్‌లో ఉన్నాడు. వాడు ఏమీ అనలేదు. నా ఫోను మ్యూట్‌లో ఉంది.

ఆ మ్యూట్ తియ్యడానికి ఒక్క బటన్ నొక్కాలి. "కానీయ్ అన్నది నేను" అనాలి. అంతే. హోమ్ లోను గుర్తొచ్చింది, పాప ఫీజు గుర్తొచ్చింది, మాట్లాడదాం అనుకుంటుండగానే టాపిక్ మారిపోయింది. నలభై నిమిషాల కాల్‌లో ఆ బటన్ నేను నొక్కలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని రాస్తే అబద్ధం. పట్టింది. మర్నాడు పొద్దున రూట్ కాజ్ రాయడానికి కూర్చున్నప్పుడే అసలు దెబ్బ తగిలింది. ఒక బ్యాచ్ ఐడీ టీఎస్ఓ స్క్రిప్టుకి ఎలా దొరికింది? దానికి టీఎస్ఓ ఉండకూడదు కదా. పాస్‌వర్డే లేకుండా ప్రొటెక్టెడ్‌గా పెడితే ఎన్ని తప్పు పాస్‌వర్డులు కొట్టినా రివోక్ అవదు. ఈ ఐడీకి ఎవరో టీఎస్ఓ ఇప్పించారు, పాస్‌వర్డ్ పెట్టించారు. పాత టికెట్ తవ్వి తీశారు. ఏళ్ల క్రితం ఒక అర్ధరాత్రి, జాబ్ అవుట్‌పుట్ సులువుగా చూసుకోవడానికి, "తాత్కాలికంగా" టీఎస్ఓ యాక్సెస్ ఇవ్వమని అడిగినవాడి పేరు అందులో ఉంది. అది నా పేరే.

అంటే ఆ తలుపు తీసిపెట్టింది నేను, నెట్టమని చెప్పింది నేను. నెట్టినవాడు మాత్రం జూనియర్ రిసోర్స్.

అప్పుడు మెయిల్ రాశాను. క్లయింటుకీ, మేనేజర్‌కీ, కుర్రాడికి కాపీ పెట్టి. నోటిమాటగా ఒప్పుకున్నది నేనని, టికెట్ కూడా నాదేనని. క్లయింటావిడ రెండు లైన్ల జవాబిచ్చింది, చెప్పినందుకు థాంక్స్ అని. మా మేనేజర్ ఫోన్ చేసి "అది రాతపూర్వకంగా పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నాడు. కుర్రాణ్ణి అప్పటికే ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఆ ఏడాది వాడి రేటింగ్ మారలేదు. నా ఉద్యోగం పోలేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకిప్పటికీ కష్టమే.

మంచి కూడా జరిగింది, చెప్పకపోతే అన్యాయం. ఆ అరవై ఒక్కటి లిస్టు వల్లే వాళ్లు పాస్‌వర్డ్‌ప్రీప్రాంప్ట్ ఆన్ చేశారు. ఇప్పుడు ఐడీ ఉన్నా లేకపోయినా ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది, వాచ్‌మన్ నోరు మూసుకున్నాడు. బ్యాచ్ ఐడీలన్నీ ప్రొటెక్టెడ్ చేశారు. రిటైరైనాయన ఐడీ తీసేశారు. సీఈఎంటీకి తాళం పడింది. టెర్మినల్ ట్రాఫిక్‌కి టీఎల్ఎస్ వచ్చింది. ఇరవయ్యేళ్ల గర్వం చెయ్యని పని ఒక కుర్రాడి శనివారం పొద్దున చేసింది. వాడి పేరు ఆ రిపోర్టులో ఎక్కడా లేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, తప్పు స్క్రిప్టుది కాదు. మెయిన్‌ఫ్రేమ్ తెలిసిన మనకి నెట్‌వర్క్ తెలియదు. నెట్‌వర్క్ తెలిసిన వాళ్లకి ఎల్‌పార్ అంటే ఏమిటో, ర్యాక్ఫ్ డేటాబేస్ పంచుకోవడం అంటే ఏమిటో తెలియదు. ప్రమాదం ఈ రెండింటి మధ్య ఖాళీలో ఉంది. ఆ ఖాళీని పూడ్చాల్సింది అనుభవం ఉన్నవాడు, అంటే "ఆగరా, ముందు అడుగుదాం" అనాల్సినవాడు. ఆ రోజు ఆ మాట నా నోట రాలేదు.

వాడిప్పుడు బెంగుళూరులో సెక్యూరిటీ టెస్టింగే చేస్తున్నాడు. దసరాకి ఫోన్ చేస్తాడు. ఇప్పటికీ "అన్నా" అనే పిలుస్తాడు. ఆ కాల్ గురించి వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొన్న దసరాకి మాత్రం అడిగేశాను, "నేను మ్యూట్‌లో ఉన్నానని నీకు తెలుసా?" అని. "పక్కనే ఉన్న కదా అన్నా, కనిపించింది" అన్నాడు.

మీ షాపులో టెస్ట్, ప్రొడక్షన్ ర్యాక్ఫ్ ఒకటేనా కాదా? మీ బ్యాచ్ ఐడీలకి పాస్‌వర్డులున్నాయా? ఎవరో అర్ధరాత్రి "తాత్కాలికంగా" అడిగినవి ఇంకా అలాగే ఉన్నాయా? రేపు ఆఫీసుకెళ్లగానే మీ అడ్మిన్‌ని అడగండి. స్కాన్ చెయ్యాలనుకుంటే ఏ స్క్రిప్టు, ఏ మెషీను, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది రాయించుకుని చెయ్యండి. మీ పక్కన కుర్రాడెవరైనా ఉంటే, ఆ కాయితం మీద ముందు మీ సంతకం పెట్టండి.