రెండు రేవుల పక్షి

కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగుగా ఉండే పక్షిని మీలో ఎందరు చూశారు? దాని పేరు ఇండియన్ స్కిమ్మర్. నెత్తిన నల్ల టోపీ, తెల్లని మెడ, నారింజ రంగు ముక్కు. లోకమంతటిలో పెద్ద పక్షులు మూడు వేలకు మించవని అంచనా. 2020లో దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల వర్గంలోనికి మార్చారు.

ఇంత అరుదైన పక్షి చలికాలంలో మన కాకినాడ తీరానికి వస్తుందని మా సంఘములోని ఒక యౌవనస్థుడు చెప్పాడు. పక్షులను చూడడమంటే అతనికి ప్రాణం. జనవరి నెలలో ఒక తెల్లవారుజామున నన్నూ వెంటబెట్టుకొని వెళ్ళాడు. కుంభాభిషేకం రేవులో ఒక మత్స్యకారుని పడవ ఎక్కాము. అప్పుడు పాటు సమయం. నీరు తీసిన చోటల్లా బురద మేటలు బయటపడుతున్నాయి.

“మెల్లగా పోనీ బాబాయ్, బెదిరితే లేచిపోతాయి” అన్నాడు కుర్రవాడు.

“నాకు తెలీదా అబ్బాయ్” అని ఆయన ఇంజను ఆపి గెడ అందుకున్నాడు. “ఇవి తిరిగే చోట చిన్న చేప ఉన్నట్టే అయ్యగారూ” అన్నాడు నాతో.

మేట మీద నలభై దాకా పక్షులు గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. కొంతసేపటికి నాలుగు లేచి, నీటిని ఆనుకొని ఎగిరాయి. నోరు తెరచి, కింది ముక్కును నాగటి కర్రులా నీటిలో దించి గీత గీసుకుంటూ పోయాయి. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకొంటుంది. ఇటువంటి వేటకు నిశ్చలమైన నీరు కావాలి.

“ఇక్కడే పిల్లలు చేస్తాయా?” అని అడిగాను.

“లేదండి. చంబల్, మహానది వంటి నదుల ఇసుక తిన్నెల మీద” అన్నాడు. గూడు అంటే వట్టి ఇసుకలో చిన్న గుంట. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా తల్లిదండ్రులు పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి కూర్చుంటాయి. నది ఎండితే తిన్నె ఒడ్డుకు కలిసిపోయి కుక్కలు, పశువులు వస్తాయి. ఆనకట్ట నుండి నీరు ఒక్కసారి వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. అందుచేత చంబల్ తీరాన కొన్నిచోట్ల గ్రామస్థులనే గూళ్ళకు కాపలా పెట్టారట.

అంతలో ఒడ్డు నుండి ఇద్దరు పిల్లలు, వారి వెనుక ఒక కుక్క, కేకలు వేస్తూ మేట మీదికి పరుగెత్తి వచ్చారు. గుంపంతా ఒక్కసారిగా లేచింది. “ఒరేయ్, ఆగండ్రా!” అని పడవ మనిషి కేక వేశాడు. “తిన్నదంతా ఎగరడానికే ఖర్చయిపోతే పాపం వాటికి ఏం మిగులుతుంది?” అన్నాడు. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. నిలబడి ఉన్న పక్షి ఊరకే లేదు. తిరుగు ప్రయాణానికి బలం కూడగట్టుకొంటున్నది.

మనమెన్నడూ చూడని పల్లెల్లో ఎవరో మండుటెండలో గుడ్లకు కాపలా కాస్తున్నారు. వారి కష్టంలో సగం ఫలితం మన ఒడ్డున తేలుతుంది. ఇక్కడ మనం అజాగ్రత్తగా ఉంటే అక్కడి కాపలా వ్యర్థమే.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఇది. చలికాలంలో పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకొని వెళ్ళినప్పుడు, పక్షుల గుంపు కనబడితే దూరాన నిలిపి చూపించండి. కుక్కను పట్టుకోండి. రాళ్ళు వేయనీయకండి. తెగిన వలల ముక్కలు మేటల మీద పారవేయకండి. ఇందుకు ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక చాలు.