కార్మికుణ్ణి కాస్త బతకనివ్వండి

పటాన్‌చెరు మీద కథ చేతికొస్తే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది. మొదటి పేజీలో నక్కవాగు నురగలు కక్కుతుంది. రెండో పేజీలో కార్మికుడు దగ్గుతాడు. మూడో పేజీలో పోతాడు. ఫ్యాక్టరీల వ్యర్థాలతో వాగు పాడైన మాట నిజం. ఆ నీళ్ళు మంజీరలో కలిసిన మాటా నిజం. రాయాల్సిందే. కానీ ఆ మనిషికి బతికుండగా ఏమిష్టమో, ఎవరిమీద అలకో ఒక్క వాక్యం ఉండదు. రచయితలు సాక్ష్యం చెప్పడానికి పిలిపిస్తారు, చెప్పగానే చంపేస్తారు.

కథకు ప్రయోజనం ఉండొద్దని కాదు. గురజాడ మాత్రం ఏ ప్రయోజనమూ పెట్టుకోకుండా రాశాడా? ఒక దురాచారాన్ని జనం కళ్ళ ముందు నిలబెట్టాలనే కదా ‘కన్యాశుల్కం’ నాటకం రాశాడు! 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. తిరగరాసిన 1909 కూర్పులో చూడండి, అందులోని వేశ్య మధురవాణి ఎంత పెరిగిపోయిందో! మగవేషం వేసుకుని సంస్కర్త సౌజన్యారావు పంతులింటికే వెళ్ళింది. మోసగాడు గిరీశం బండారం బయటపెట్టింది. సంస్కర్త నీతి చెప్పాల్సిన చోట ఆవిడ మాటే నెగ్గింది. గురజాడ పోయాక కూడా ఆగలేదు. 1955లో సావిత్రి రూపంలో తెరకెక్కింది. పురాణం సుబ్రహ్మణ్యశర్మ చేత ‘మధురవాణి ఇంటర్వ్యూలు’ రాయించుకుంది. తెలుగులో ఇంత ఆయుష్షున్న ఆడమనిషి మరొకరు నాకు కనబడరు. ఎవరేమన్నా ఈ మాట వదలను.

నేను రాసుకుంటున్న కథలో యాదమ్మ పాశమైలారంలో ఒక కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. ఆమెతో వాగు సంగతి చెప్పించాలనుకున్నాను. నోరు విప్పలేదు. షిఫ్టు దిగి ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో ఎక్కింది. కొంగుముడి విప్పి చిట్టీ పైసలు లెక్కపెట్టుకుంది. అందులోంచి ఒక వందనోటు తీసి విడిగా జాకెట్లో దాచింది. ఎందుకో నాకు తెలియలేదు. నాలుగు పేజీలు నడిచాక తేలింది: కోడలికి తెలియకుండా మనవరాలికి పట్టీలు కొంటోంది. పక్కన కూర్చున్న ఒడిశా పిల్లగాడు నీళ్ళ సీసా ఇస్తే, మూత తీసి వాసన చూసి అప్పుడు తాగింది. నేను అడిగినంతసేపూ చెప్పని వాగు సంగతి అంతా అందులోనే ఉంది.

ఇప్పుడేమో ఓవర్‌టైమ్ పైసల దగ్గర కాంట్రాక్టరుతో గొడవ పెట్టుకుంది. పట్టీల షాపు సీను మధ్యలోనే ఉండిపోయింది. సంగారెడ్డి లేబరాఫీసుకు పోతానని కూర్చుంది, వెంట ఇంకో ఇద్దరిని తయారుచేస్తోంది. ఆ ఇద్దరిలో ఒకామె అప్పుడే యాదమ్మ మాటకు అడ్డం చెబుతోంది.