కల్లం పోసే ముందు

మా రాజంపేట వైపు ఎర్రచెల్కలో కాంక్రీటు కల్లం పోసుకునే వాళ్లకు పెద్ద భయం లేదు. నల్లరేగడిలో పోసుకునే వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

కాంక్రీటు పగిలితే ముందు సిమెంటును, మేస్త్రీని తిడతాం. చాలాసార్లు తప్పు కింది మట్టిది. నల్లరేగడిలోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంగి నెర్రెలిస్తుంది. కల్లం నడుమ భాగం కింద తేమ పెద్దగా మారదు. అంచుల కింది మట్టే వానకు తడిసి, ఎండకు ఆరుతుంది. అందుకే అంచు లేస్తుంది, పడుతుంది, చివరికి పగులుతుంది.

మంచు దేశాల్లో కొన్ని ఇళ్ల ముందు మంచు కరగడానికి వేడి పైపులు వేసి కాంక్రీటు పోస్తారు. అక్కడా చిక్కు అంచు దగ్గరే. పలక కింద వెచ్చగా ఉన్నా, పక్కన నేలలో నీరు గడ్డకట్టి మట్టిని పైకి లేపుతుంది. అందుకే అంచు చుట్టూ నేలలో చలి దిగకుండా ఫోమ్ పలకలు పరిచి, నీరు నిలవకుండా కంకర పోస్తారు.

మనకు చలి బెడద లేదు, తేమే బెడద. రేగడిని వీలైనంత లోతు తీసేసి, ఉబ్బని మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టించండి. ఒట్టి ఇసుక నింపొద్దు, అది నీళ్లను కిందికి వదులుతుంది. వాలు పెట్టండి, చుట్టూ కాలువ తీయండి. పక్కన పెద్ద చెట్టు వద్దు.

అన్నలారా, పైన సిమెంటుకు పెట్టే ఖర్చులో కొంత కింద మొరానికి పెట్టండి.