సముద్రానికి మంచినీళ్లు

ఈ సంక్రాంతి సెలవుల్లో కొత్తపట్నం బీచికి గాలం పట్టుకెళ్తున్నా. మామూలు గాలం కాదండోయ్, ఫ్లై ఫిషింగ్. ఎర అంటే వట్టి ఈకల ముడి, దానికి బరువుండదు. విసిరేది దారం బరువుతోనే. కంభం చెరువులో వానపాము గుచ్చి కూర్చున్న బేస్తవారిపేట వాడికి ఇదంతా కొత్తే. సముద్రపు గాలికి బరువైన దారం కావాలని ఎనిమిదో నంబరు రాడ్ కొన్నా. వాతావరణశాఖ హెచ్చరికలూ చూస్తున్నా. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది!

వీటన్నిటికన్నా ముఖ్యం మంచినీళ్లు. ఉప్పునీళ్లు తగిలిన రీలుని అదే రోజు కడగకపోతే తుప్పు పట్టేస్తుంది.

"రెండు క్యాన్లు కావాలమ్మా" అన్నా.

"తాగడానికా నాయనా?"

"కాదు, రీలు కడగడానికి."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఎండాకాలమైతే ట్యాంకర్లు, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు... మా వైపు మంచినీళ్ల కథ ఇదీ.

అందుకని ఒక్క క్యానే తీసుకెళ్తున్నా. తడిగుడ్డతో రెండుసార్లు తుడిస్తే చెంబెడు నీళ్లతో పనైపోతుంది. కోస్తా మిత్రులు నవ్వుకున్నా సరే, మా వైపు పుట్టినవాడు సరదాకైనా నీళ్లు లెక్కపెట్టకుండా పారబోయలేడు.